పట్టీ మీద సున్నా

మార్చి 4, సోమవారం

గొంతు డాక్టరమ్మ నా నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, ఎదురుగా ఉన్న తెర మీద నా గొంతును నాకే చూపించింది. ఇరవై ఆరేళ్లుగా మా చర్చి సంఘాన్ని గడగడలాడించిన గొంతు ఇంతేనా! చిటికెన వేలి గోరంత కూడా లేదు. రెండు తెల్లటి పొరలు, వాటి అంచున చెరో బుడిపె.

"ఒక్కసారికి ఎంతసేపు మాట్లాడతారు?" అంది.

"ఆత్మ ఆపేదాకా."

"ఇకమీదట గడియారం ఆపుతుంది" అంది.

రోజుకు నలభై నిమిషాలు. అన్నీ కలిపి. ఆరు వారాలు. గుసగుస కూడా పనికిరాదట, అది ఇంకా చెరుపట. వినకపోతే కత్తి. కత్తి తర్వాత గొంతైతే వస్తుంది గానీ, ఏ గొంతు వస్తుందో చెప్పలేనంది.

ఏ గొంతేమిటి! నాకున్నది ఇదొక్కటే. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. వాక్యం నాకు నేనే చదువుకున్నాను. ప్రెస్సులో డీటీపీ పని నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకోకుండా దొరికింది ఈ గొంతు ఒక్కటే.

ఇంటికి వచ్చి గ్రంథం తెరిచాను. గుడిలో మాట పడిపోయిన యాజకుడి దగ్గర తెరుచుకుంది. మూశాను. మళ్లీ తెరిచాను. మళ్లీ అక్కడే. చూస్తే ఆ పేజీలో దారం నేనే పెట్టి ఉన్నాను.

మార్చి 5, మంగళవారం

పొద్దున్నే చీటీ మీద "కాఫీ" అని రాసి మా ఆవిడకు చూపించాను. ఆమె ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు కాజాలు కుడుతోంది. చీటీ చూసి సూది ఆపేసింది.

"ఏవండీ, పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మీరు ఒక్క మాటలో ఏదైనా అడగడం ఇదే మొదలు. దీన్ని ఫ్రేము కట్టించుకుంటాను."

నియమం పెట్టుకున్నాను. ఇంట్లో చీటీలు. నలభై నిమిషాలూ బయటకు. ఇంట్లో మనిషికి సగం సంగతులు ముఖం చూస్తేనే తెలుస్తాయి. బయట నశించిపోతున్న ఆత్మలకు మాటే కావాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మార్చి 6, బుధవారం

నలభై నిమిషాలను కాపలా కాసేదెలా? చేతి గడియారాన్ని నేను నమ్మను. ప్రసంగంలో ఉండగా అది ఎటు తిరిగినా నాకు కనిపించదు.

జవాబు నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ప్రెస్సు ఓనరు మూలన పారేసిన పాతది. మామూలు సరంజామా వేస్తే మోయలేక మూలిగేది. దానిలో నేను తేలికపాటి ఆపరేటింగ్ సిస్టం ఒకటి దించుకున్నాను. లోకంలో మిగతా కంప్యూటర్లలో కిటికీలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అడుగున ఏది ఊపిరాడక చస్తోందో ఎవడికీ పట్టదు. నా దాంట్లో ఆ అన్యాయం లేదు! ఒకటి తెరిస్తే తెరంతా దానిదే. రెండోది వస్తే చెరిసగం. మూడోది వస్తే రెండోది తన సగంలో సగం ఇచ్చి జరుగుతుంది. నేలకు పలకలు పరిచినట్టు అన్నీ పక్కపక్కన, అన్నీ కళ్లెదుట. దీని మీద ప్రసంగమే చెప్పవచ్చు. (చెప్పాను, పోయిన ఏడాది. గంటా పది నిమిషాలు.)

తెర నెత్తిన ఒక పట్టీ పెట్టుకోవచ్చు. దానిలో ఏముండాలో మనమే ముక్కముక్కగా రాసి తగిలించుకోవాలి. గడియారం ఒక ముక్క, బ్యాటరీ ఒక ముక్క. ఏ ముక్క ఎడమన, ఏది నడుమ, ఏది కుడిన అన్నది ఒకే ఒక్క ఫైల్లో రాస్తే పట్టీ దానికి లోబడుతుంది. మాటల నిమిషాలకూ ఒక ముక్క రాస్తాను. దాని మీద నొక్కితే లెక్క మొదలు, మళ్లీ నొక్కితే ఆపు.

బ్యాటరీని ఎడమన పెట్టాను. కుడి ఎడమల తీర్పు గురించి చదివినవాడు ఈ పని తేలిగ్గా చేయలేడు. అరగంట ఆలోచించాను.

మార్చి 7, గురువారం

పట్టీకి తెలుగు రాదు!

"ప్రసంగం" అని రాస్తే ప ఒకచోట, దాని కిందుండాల్సిన ర ఇంకోచోట, నడుమ చుక్కల సున్నా ఒకటి. గుణింతాలూ అతకడం లేదు. ప్రెస్సులో వత్తు అరమిల్లీ పక్కకు జరిగినా ఊరుకోని మనిషిని నేను. ఫాంట్లు మార్చాను, ఫైలంతా తిరగరాశాను, ఉపవాసం ఉన్నాను. లాభం లేదు. పట్టీ ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా అచ్చు గుద్దుతుందే తప్ప రెంటిని కలపడం దానికి తెలియదు.

ఆమె వెనకనుంచి తొంగి చూసి, "గుండీలన్నీ ఊడిన చొక్కాలా ఉంది" అంది.

సాయంత్రానికి దారి దొరికింది. వత్తూ గుణింతమూ లేని మాటలే వాడాలి. సంఘంలో మాట్లాడేవి: సభ. ఫోన్లూ పరామర్శలూ: బయట. మూడోది: ఇంట.

"ఇంట ఎందుకండీ, ఇంట్లో మీరు మాట్లాడరుగా?"

"మూడుంటే చూడ్డానికి బాగుంటుంది" అని చీటీ రాశాను.

ఆమె దాన్ని చదివి, మడిచి, సూదుల డబ్బాలో వేసుకుంది.

మార్చి 8, శుక్రవారం

ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచాను. పట్టీ మొత్తం మాయం. రెండు గంటలు వెతికాను. మూశాను. వచ్చింది. స్తోత్రం.

మార్చి 10, ఆదివారం

మా కూడిక సైకిల్ షాపు పైన అద్దె హాల్లో. ముప్పై నిమిషాలు మాట్లాడి ఆపేశాను. ఎవరూ లేవలేదు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగాననుకున్నారు.

ముందు వరసలో రైల్వే గార్డుగా రిటైరైన పెద్దాయన ఒక్కడే లేచాడు. ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని గడియారం చూసుకోవడం ఆయన పరిచర్య. "ఇన్నేళ్లకు మన బండి టైముకు చేరిందయ్యా" అని చేతులు పట్టుకుని ఊపాడు.

వాక్యభాగాలు గట్టిగా చదవడానికే తొమ్మిది నిమిషాలు పోయాయి. వచ్చేవారం అవి గోడ మీద వేస్తే జనమే చదువుకుంటారు. ప్రెస్సు ఓనరు ప్రొజెక్టరు ఇస్తానన్నాడు.

పట్టీ ప్రతి సోమవారం సున్నాల నుంచి మొదలయ్యేలా రాశాను. ఎడమన మూడు పద్దులకూ ఆ వారం మొత్తం నిమిషాలు. కుడిచివర ఆ రోజుకు మిగిలిన నిమిషాలు. పొద్దుటి ప్రార్థన ఇందులో కలపలేదు. అది పైవాడితో మాట, మనుషుల లెక్కలోకి రాదు.

మార్చి 12, మంగళవారం

సైకిల్ షాపతను ఫోను చేశాడు. ఇంట్లో గొడవట, భార్య మూడు రోజులుగా మాట్లాడటం లేదట. ఇరవై రెండు నిమిషాలు పోసి బుద్ధి చెప్పాను. "పొద్దున లేస్తే ఊళ్లోవాళ్లందరి సైకిళ్ల రొదా వింటావే, కట్టుకున్నదాని మాట నాలుగు నిమిషాలు వినలేవా? నీ నోరు కొట్లోనే తాళం పెట్టి వస్తున్నావా?" అని దులిపేశాను. ఏడ్చాడు పాపం. గొంతు మండింది గానీ మనసు చల్లబడింది.

ఫోను పెట్టేసి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కటింగు కాగితం ముక్క. దాని మీద: "మీకో మాట చెప్పాలి. చీటీ మీద కుదరదు."

మిగిలింది పదకొండు. సాయంత్రం ఆసుపత్రి వార్డులో ప్రార్థన ఉంది. "రేపు" అని రాశాను.

మార్చి 13, బుధవారం

బుధవారం కూడిక. రేపు.

మార్చి 14, గురువారం

పొద్దున చొక్కా తొడుక్కుంటే జేబు దగ్గర గుండుసూది గుచ్చుకుంది. దానికో చీటీ. "ఈ రేపు ఏ వారం వస్తుంది?"

నవ్వొచ్చింది. ప్రెస్సులో అందరికీ చూపించాను.

మార్చి 15, శుక్రవారం

పట్టీకి రంగులు వేశాను. కుడి అంకె ఇరవై దాకా ఆకుపచ్చ, ఆ కింద పసుపు, అయిదు లోపు ఎరుపు. అన్నీ మొదటిసారికే కుదిరాయి! పట్టీ ఇప్పుడు ఎంత అందంగా ఉందంటే, పనున్నా లేకున్నా చూడబుద్ధవుతోంది.

ఇవాళ చీటీలేమీ రాలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 16, శనివారం

హాల్లో ప్రొజెక్టరు బిగించి చూశాం. వాక్యం చివరి వరసకూ ఆనేలా అక్షరం పెద్దది చేశాను. చివరి వరసలో నేనే కూర్చుని చదివాను. అంతా సిద్ధం.

మార్చి 17, ఆదివారం

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని నాకు నచ్చినట్టు మార్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

కూడిక నిండుగా ఉంది. దీపాలు తగ్గించి గోడ మీద వాక్యం వేశాను. జనం ఒక్క గొంతుతో చదివారు. నేను చదివిన ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ అంత బాగా వినిపించలేదు. ఆ ఊపులో అందుకున్నాను. ఇవాళ్టి అంశం కావలివాడు. గోడ మీద నిలబడి అందరినీ మేల్కొలిపేవాడు. నిప్పులు కురిపించాను.

పావుగంట తర్వాత గమనించాను. జనం కళ్లు నా మీద లేవు. నా నెత్తి మీదుగా గోడకేసి చూస్తున్నారు. వాక్యం అంతగా పట్టుకుందేమో అనుకున్నాను. గార్డు పెద్దాయనైతే గడియారం తీసి జేబులో వేసేసుకున్నాడు.

తిరిగి చూశాను.

వాక్యం పైన, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు, జానెడు ఎత్తున నా పట్టీ. కుడిచివర ఆకుపచ్చగా 24. నేను చూస్తుండగానే 23 అయింది. ఎడమన, బెత్తెడేసి అక్షరాల్లో:

సభ 48 బయట 151 ఇంట 0

నిన్నంతా అక్షరం ఎంత పెద్దదో చూసుకున్నాను గానీ తెర నెత్తిన ఏముందో చూసుకోలేదు. రోజూ చూసేదాన్ని కన్ను లెక్కలోకి తీసుకోలేదు.

"అయ్యా, ఆ అంకెలు దేనివి?" పెద్దాయన అడిగేశాడు. ఆయనకు మర్యాదగా మెల్లగా అడగడం రాదు, పట్టాల పక్కన పని చేసిన గొంతు.

అబద్ధం చెప్పలేను, చేతిలో గ్రంథం ఉంది. "ఈ వారం నేను మాట్లాడిన నిమిషాలు. సభలో, బయట, ఇంట్లో."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు మొదలై ఆగిపోయింది. నవ్వినది సైకిల్ షాపతని భార్య. సైకిల్ షాపతను మాత్రం నవ్వలేదు. నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. మంగళవారం ఇరవై రెండు నిమిషాలు వాడివే.

"ఆ మూడో స్టేషనులో బండి ఆగదా అయ్యా?" అన్నాడు పెద్దాయన.

ఈసారి అందరూ నవ్వారు. మూడో వరసలో ఆమె ఒక్కతే నవ్వలేదు. ఒళ్లోని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, గోడ మీద సున్నా వంక కాదు, నా వంక చూస్తోంది. కోపం కూడా లేదు ఆ ముఖంలో. ముఖం చూస్తే సగం సంగతులు తెలుస్తాయని నేనే రాశాను. చూశాను. ఏమీ తెలియలేదు.

"ఇవాళ్టికి ఇంతే" అన్నాను. ఇరవై ఒక్క నిమిషాలు మిగిలి ఉన్నాయి.

దారిలో ఆమె పక్కన నడుస్తూ, "ఏమిటది? ఆ చెప్పాలన్న మాట" అన్నాను.

ఆమె సంచిలోంచి కాగితం ముక్కా సుద్ద ముక్కా తీసింది. నడుస్తూనే రాసి నా చేతిలో పెట్టింది.

"రేపు."

మార్చి 18, సోమవారం

డాక్టరమ్మ దగ్గరకు ఆమె కూడా వచ్చింది. బుడిపెలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. "నలభై దాటలేదా?" అంది డాక్టరమ్మ.

"ఒక్క నిమిషం కూడా. కంప్యూటర్లో లెక్క ఉంది."

"ఈయన పొద్దున్నే గంటసేపు ప్రార్థన చేస్తారండీ, గట్టిగా. అది కలిపారో లేదో అడగండి" అంది ఆమె.

"అది దేవుడితో!" అన్నాను.

"మీరు ఎవరితో మాట్లాడుతున్నారో గొంతుకు తెలుసా?" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పరిచయమై పది నిమిషాలు కాలేదు, అప్పుడే అక్కచెల్లెళ్లయిపోయారు.

మార్చి 19, మంగళవారం

పొద్దున ప్రార్థన నోరు మూసుకుని చేశాను. మొదట కష్టమైంది. తర్వాత వినబడటం మొదలైంది. ఏం వినబడిందో రాయను. పక్కగదిలో మిషను చప్పుడు కూడా వినబడింది, రోజూ ఉండేదే అయినా.

ఆ తర్వాత ఫైలు తెరిచి నాలుగు పంక్తులు మార్చాను. ఇంట అన్నది మూడో చోటు నుంచి మొదటికి తెచ్చాను. దానిలో ఆ రోజు పది దాటేవరకు మిగతా రెండూ ఎంత నొక్కినా కదలకుండా కట్టేశాను. కూడిక ఉన్నా అంతే, ఎవడు ఫోను చేసినా అంతే.

ల్యాప్‌టాప్ తెచ్చి మిషను పక్కన పెట్టి, ఆమె చూస్తుండగా నొక్కాను. "చెప్పు" అన్నాను.

"ఇప్పుడు మీటరు తిరుగుతోందా?"

"తిరుగుతోంది. తొందరగా చెప్పు."

"తొందరేముంది? పది నా సొంతం కదా." గుడ్డ మడత పెట్టింది. కత్తెర పక్కన పెట్టింది. కావాలనే రెండు నిమిషాలు తీసుకుంది. అప్పుడు చెప్పింది.

కుట్టు శిక్షణ కేంద్రంలో కటింగు నేర్పమని అడిగారట. వారానికి మూడు రోజులు. ఇరవై మంది ఆడవాళ్లు. సోమవారంలోగా చెప్పమన్నారట. నిన్న ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో సరేనని చెప్పి వచ్చిందట, నేను మందుల షాపులో ఉండగా.

"మరి ఇందులో నన్ను అడగాల్సింది ఏముంది?"

"ఒప్పుకోవాలా వద్దా అని కాదండీ అడగాలనుకుంది." బల్ల మీద ఉన్న టేపు తీసి చేతికి చుట్టుకుంది. "ఇరవై మంది ముందు నిలబడి మాట్లాడటం నా వల్ల ఎక్కడవుతుంది? ఊరంతా వచ్చి మీ మాట వింటుంది కదా, ఎలా మాట్లాడాలో మీరు నేర్పుతారేమోనని."

వారం రోజులు. వారం రోజులు ఈ మాట ఆమె చేతిలో చీటీగా నిలబడి ఉంది. నేను ఊళ్లో గొడవలు తీర్చి వచ్చాను.

ఏం చెప్పాలో తోచలేదు. నాకు! పట్టీ మీద ఇంట పక్కన 6 అని ఉంది. నా నోరు కదలకుండా మీటరు తిరగడం ఇదే మొదలు.

మార్చి 21, గురువారం

ఆమెకు పాఠం. "గొంతు పెంచి మొదలుపెట్టకు, చివరి వరసలో ఉన్న మనిషిని చూసి మొదలుపెట్టు" అన్నాను. దండెం మీద వరసగా తగిలించిన జాకెట్లను సంఘం అనుకోమన్నాను. ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకుని, "అందరికీ నమస్కారం" అని ఆగిపోయింది.

"తర్వాత?"

"ఆ ఆకుపచ్చ జాకెట్టు నన్నే చూస్తోందండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు నిమిషాల్లోకి వస్తుందా అని డాక్టరమ్మను అడగాలి. ఇవాళ ఒక్కరోజు ఇంట 14.

మార్చి 22, శుక్రవారం

ఇవాళ ఒక్కరోజు ఇంట 17. సైకిల్ షాపతను ఫోను చేశాడు. రెండు నిమిషాల్లో ముగించాను. నాకు చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు, అదీ నిజమే. తనే అన్నాడు, "అయ్యా, నాలుగు నిమిషాలు విన్నాను. పదిహేను అయింది." తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు.

మార్చి 24, ఆదివారం

ఇవాళ గోడ మీద పట్టీ కనబడకుండా దాచేశాను. వాక్యం వేయగానే పెద్దాయన లేచాడు.

"పట్టీ ఏదయ్యా?"

"అది నా సొంత సంగతి, పెద్దాయనా."

"పోయిన వారం ఊరందరి సంగతీ అయింది. పెట్టు, చూద్దాం."

పెట్టాను. మొదటి చోట ఇంట 88. చప్పట్లు కొట్టారు. కూడికలో నాకు చప్పట్లు పడటం ఇదే మొదలు, అదీ నోరు తెరవకముందే. గర్వం వచ్చింది, ఒప్పుకుంటున్నాను. మూడో వరసకేసి చూశాను. ఆమె మూడు వేళ్లెత్తి తల అడ్డంగా ఊపింది, పక్కవాళ్లకు కనబడకుండా: నిన్నటి మూడు నిమిషాలు అబద్ధం అని. నిజమే, నిన్న లెక్క ఆపకుండా కాఫీ తాగాను.

మార్చి 28, గురువారం

ఆమె ఇప్పుడు జాకెట్లకు భయపడటం లేదు. మెడ కొలత ఎలా తీయాలో వాటికి పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. విన్నాను. మెడ కొలత ఇంత కష్టమని నాకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా నేను తొడుక్కునే చొక్కాలన్నీ ఆమె కుట్టినవే.

"చివర్లో ఏం చెప్పి ఆపాలండీ?" అని అడిగింది.

"ఇంకా చెప్పాలనిపిస్తున్నప్పుడే ఆపెయ్యి" అన్నాను.

ఆమె టేపు చుట్టడం ఆపి నా వైపు తిరిగింది. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

ఏప్రిల్ 1, సోమవారం

పొద్దున డాక్టరమ్మ తెర మీద చూపించింది. ఒక బుడిపె సగమైంది. రెండోది వెతికితేగానీ కనబడలేదు. "కత్తి అక్కర్లేదు" అంది. "ఏం చేశారు?"

"పట్టీ మార్చాను" అన్నాను. మెడకు కట్టుకునేదనుకుంది కాబోలు, కాగితం మీద రాసుకుంది.

ఇవాళే ఆమెకు మొదటి తరగతి. పదింటికి మొదలు, ఒంటిగంటకు ఆపాలి. నేను ప్రెస్సు నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసి గుమ్మంలో కూర్చున్నాను. గ్రంథం చేతిలో ఉంది, తెరవలేదు. డాక్టరమ్మతో పోయిన నాలుగు నిమిషాలు తప్ప (నొక్కితే కదలవు గనక వాటిని ఫైల్లో చేత్తో రాసుకున్నాను) ఇవాళ నోరు తెరవలేదు. ప్రెస్సులో ఓనరు రెండుసార్లు కదిపి చూశాడు, తలూపి ఊరుకున్నాను.

రెండయింది. రాలేదు. మూడయింది. మూడున్నరకు సందు మలుపులో కనబడింది. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయింది. ముఖం ఎర్రగా వెలిగిపోతోంది. నన్ను చూడగానే చెయ్యెత్తింది, నోరు తెరిచింది.

గాలి తప్ప ఏమీ రాలేదు.

గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. లోపలికి వచ్చి, నీళ్లు తాగి, సూదుల డబ్బాలోంచి చీటీ తీసింది. నేను రాసిచ్చిన పాత చీటీ వెనక వైపే రాసింది.

"ఒంటిగంటకు ఆపుదామనుకున్నా. ఆత్మ ఆపలేదు. గొంతు పోయింది. మీరు మాట్లాడండి."

పట్టీ మీద కుడిచివర ఆకుపచ్చగా 36. ల్యాప్‌టాప్ తెచ్చి మిషను పక్కన పెట్టి, ఇంట మీద నొక్కాను. ఆమె గోడకానుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుంది. సంఘంలో మూడో వరసలో ఎన్నడూ అలా కూర్చోలేదు.

"ముందుగా" అన్నాను, "ఆ మెడ కొలత గురించి."

ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. రాయాల్సిన అవసరం లేదు, చెప్పేశాను.